రెండు మంచాలు పట్టే నడవ

మా వదినెది బిచ్కుంద దిక్కు. ఆమె మాటల్ల తెలుగు ఎంతనో మరాఠీ అంత ఉండేది. పొద్దుగాల ఇసుర్రాయి ముంగట కూసొని జొన్నలు ఇసురుకుంట వాళ్ల దిక్కు పాటలు పాడేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గని, ఆ పాట ఆగిందంటె నిద్రల నుంచి మెలకువొచ్చేది.

నా మొగడు పెండ్లయిన కొన్నాళ్లకే జెరమొచ్చి పోయిండు. పిల్లలు లేరు. దినాలు గడిచినంక అత్తగారోళ్లు నన్ను బండ్ల తెచ్చి మా అన్న వాకిట్ల దించి పోయిండ్రు. మమ్ములను కన్న అవ్వ, బాపు సదాశివనగర్ దగ్గర మా ఊర్లె ఎవుసం చేసుకుంట ఉండేటోళ్లు. అన్న సర్కారు కట్టడాల ఖాతాల ఓవర్సీరు. కామారెడ్డిల స్టేషనుకు పోయే తొవ్వల చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నడు. నేను వాకిట్ల నిలబడితే ఇరుగుపొరుగు ఆడోళ్లు పోగై చూస్తున్నరు. వదినె బయటికొచ్చి, నా చేతుల మూట తీసుకొని పోయి, లోపల ఆమె సందుగ పక్కన పెట్టింది. "కాళ్లు కడుక్కొని రా, రొట్టె సల్లారుతది" అన్నది. అంతే. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లు నన్ను ఒక్కదాన్నే కూసొని తిననియ్యలే. మొగడు లేని ఆడదాని ఎదురు మంచిది కాదని ఎవరన్న అంటే, కావాలని నన్నే ముంగట నడిపించుకొని బజారుకు పోయేది.

ఆమెకు కడుపు నిలువక నిలువక నిలిచింది. కాన్పుకు పుట్టింటికి పంపమని మా అవ్వ కబురు పెట్టింది. వానకాలం. బిచ్కుంద తొవ్వంత బురద, బండి చక్రం దిగితే లేవది. ఆ కుదుపులకు అన్న భయపడ్డడు. ఈడ దవాఖాన ఉన్నది, డాక్టరున్నడు, పుట్టింట్ల మంత్రసాని తప్ప ఎవరున్నరని ఆపిండు. వదినె మారు మాట్లాడలే. ఆయన లేనప్పుడు మాత్రం నాతోని, వాళ్లమ్మ చేతి మిరపకారం రొట్టె తినాలని ఉన్నదని రెండు మూడు సార్లు అన్నది.

నొప్పులు తెల్లారంగ మొదలైనయి. మంత్రసాని వచ్చి చూసింది. పొద్దు ఎక్కుతున్నకొద్ది ఆమె మొకం మారింది. నన్ను పక్కకు పిలిచి, బిడ్డ అడ్డం తిరిగిందని, ఇది తన చేతుల లేదని, ఆలస్యం చెయ్యకుండ దవాఖానకు తీస్కపొమ్మని చెప్పింది. అన్న సదాశివనగర్ రోడ్డు మీద మోరీ పని కాడ ఉన్నడు. పక్కింటాయన పోయి చెప్తే సైకిలు తొక్కుకుంట వచ్చిండు. చొక్కా నిండ సున్నం. వదినెను నులక మంచం మీదనే ఉంచి, దుప్పటి కప్పి, నలుగురు మొగోళ్లు లేపిండ్రు. నేను మంచం పట్టె పట్టుకొని పక్కన నడిచిన. బజారంత తొవ్వ ఇచ్చింది. బండ్లు పక్కకు తీసిండ్రు. అంత దూరం మంచం ఒక్క కాడ సుత ఆగలే.

మేం పోయిన దవాఖాన ఒక షావుకారు పాత ఇంట్ల నడిచేది. ముంగటి అర్రలల్ల మందులిచ్చేటోళ్లు. కాన్పుల అర్ర వెనుక పెరటి దిక్కు ఉండేది. రెంటి నడుమ ఒక సందు. ఇంటోళ్లు నీళ్ల బిందెలు పట్టుకొని నడిచెటందుకు కట్టుకున్న సందది, మనుషులను మంచాల మీద మోసుకపోయెటందుకు కట్టింది కాదు. లోపల ఎలుతురు లేదు. గోడ పొడుగున రోగులోళ్ల మూటలు, చెంబులు, చెప్పులు. నడుమల ఎత్తు గడప. మందుల కొట్టు తలుపు అర్రలకు కాకుండ సందులకే తెరుసుకునేది. చివర్ల సందు మూల తిరుగుతది.

గడప కాడ మంచం ఒక్కసారి ఎత్తేసరికి వదినె మూలిగింది. మందుల కొట్టు తలుపు ముయ్యమని అన్న అరిస్తే లోపలి మనిషికి ఇనపడలే. ఆ తలుపు మూసి ముందుకు పోయేసరికి, అవుతలి దిక్కు నుంచి కాలు ఇరిగినాయనను ఇంకో మంచం మీద తెస్తున్నరు. వాళ్లు ఎనుకకు పోవాలె, లేకుంటే మేం పోవాలె. మా ఎనుక జనం నిండిండ్రు. ఎట్లనో వాళ్లు ఎనుకకు మళ్లిండ్రు. ఇగ మూల కాడ మా మంచం తిరగలే. ముంగటి కోళ్లు ఒక గోడకు, ఎనుకటి కోళ్లు ఇంకో గోడకు తట్టుకున్నయి. నిలువు లేపుదామంటే పైన మనిషి ఉన్నది. మోసేటోళ్లు ఒకరు ఒంచుమంటరు, ఒకరు ఎత్తుమంటరు. అన్న ముంగట ఇరుక్కపోయిండు. ఆయన మొకం నాకు కానరాలే, గొంతే ఇనపడ్డది.

వదినె నా మణికట్టు పట్టుకున్నది. చెయ్యి చల్లగున్నది. నేను ఒంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టిన.

"చెల్లె, జొన్నపిండి మీద మూత పెట్టి రాలే" అన్నది. "ఎలుకలు పడ్తయి."

పోయినంక పెడ్త వదినె అని చెప్పిన. ఆమె నాతోని అన్న ఆఖరు మాట అది.

ఆఖరుకు ఆమెను మంచం మీదికెల్లి దించి దుప్పట్ల మోసుకపోయిండ్రు. దుప్పటి నడుమ ఒంగి, ఆమె పెయ్యంత మడత పడ్డది. దించి ఎత్తుకున్న కాడ బండ మీద నెత్తురు మడుగైంది. నేను దాని మీద కాలు పెట్టకుండ గోడ పట్టుకొని దాటిన. ఖాళీ మంచం ఆ మూల కాడనే అడ్డంగ ఉండిపోయింది. దాన్ని ఎప్పుడు తీసిండ్రో, ఎవరు తీసిండ్రో తెలువది.

బిడ్డ బతికింది. ఆడపిల్ల. వదినె పగటీలి దాటినంక పోయింది.

డాక్టరు సాబు తురకాయన, నడీడు మనిషి, మెత్తటి మనసు. చేతులు తుడుచుకుంట బయటికొచ్చిండు. అన్న ముంగటికి వచ్చి నిలబడ్డడు. తర్వాత అన్న భుజం మీద చెయ్యి పెట్టి, "జర ముందుగాల నా బల్ల మీదికి వచ్చి ఉంటె..." అని ఆగిపోయిండు.  ఆ సగం మాట మా అన్న ఇంటికి తెచ్చుకున్నడు.

దినాలు అయినయి. బిచ్కుంద నుంచి వదినె తల్లి వచ్చి, పసిదాన్ని ఒళ్లె పెట్టుకొని ఏడ్చి ఏడ్చి పోయింది. మా అవ్వ కొన్నాళ్లుండి, పిల్లను తమ ఊరికి తీస్కపోతనన్నది. అన్న అవునన్లే, కాదన్లే. నేనే ఇయ్యనన్న. మేకపాలు కాచి, గుడ్డ వత్తితోని పిల్ల నోట్ల పోసుకుంట ఒక్కొక్క దినం దాటించిన. అన్న ఆ పిల్లను ఎత్తుకునేటోడు కాదు. కోపం కాదు అది. పిల్ల ఏడిస్తే లేచి నిలబడేటోడు, నా దిక్కు చూసేటోడు, నేను ఎత్తుకోంగనే మళ్ల కూసునేటోడు.

పిల్లకు కడుపునొప్పి మందు కోసమని ఒక దినం నేను ఆ దవాఖానకు పోయిన. పోబుద్ధి కాలే గని ఇంకో దవాఖాన లేకుండె. పోయేసరికి ఆ సందుల మా అన్న ఉన్నడు. ఒంగి, టేపు పట్టి, గోడ నుంచి గోడకు కొలుస్తున్నడు. రోగులోళ్లు ఆయనను దాటుకుంట పోతున్నరు. మూల కాడ మోకాళ్ల మీద కూసొని, సుద్దతోని బండ మీద గీతలు గీసి, చెరిపి, మళ్ల గీస్తున్నడు. డాక్టరు సాబు ఆయన ఎనుక నిలబడి చూస్తున్నడు గని లేపలే.

ఆ తర్వాత ఇద్దరు వసార్ల కూసొని మాట్లాడుకున్నది నేను ఇన్న. కొత్త దవాఖాన కట్టియ్యమని తను ఎన్నోసార్లు పైకి రాసినని డాక్టరు సాబు చెప్పిండు. అన్న, దవాఖానల నడవ ఎట్లుండాల్నో సర్కారు పెట్టిన నియమం, కాయిదా, ఇదివరకే ఉన్నదని చెప్పిండు. అది తనకు కొలువుల చేరిన కొత్తల్నే తెలుసట. రెండు మంచాలు ఎదురెదురు వస్తే తగులకుండ పోవాలె. నడుమ గడప ఉండొద్దు, నేల ఎత్తుపల్లాలు ఉన్న కాడ మెట్టు కాకుండ ఏటవాలు ఉండాలె. తలుపులు అర్రల లోపలికే తెరుసుకోవాలె. మూల తిరిగే కాడ మంచం పొడుగు చూసి ఎడం ఇడవాలె. చివర్ల ఎలుతురు రావాలె, గాలి రావాలె. నడవల ఏ సామాను పెట్టొద్దు. అన్న ఉర్దూల రాసి ఉన్నదాన్ని తెలుగు చేసుకుంట ఒక్కొక్కటి చెప్తుంటె, నాకు ఆ దినం వదినె మంచం ఎక్కడెక్కడ ఆగిందో అదంత మళ్ల ఇనపడ్డది.

"మరి ఈ ఇంటికి ఎందుకు లేదు ఆ కాయిదా" అని డాక్టరు సాబు అడిగిండు.

"సర్కారు కొత్తగ కట్టేటి వాటికే" అన్నడు అన్న. "కిరాయి ఇండ్లకు లేదు."

 నేను మందు తీసుకొని వచ్చిన.

కొన్నాళ్లకు ఎల్లారెడ్డిల కొత్త దవాఖాన కట్టాలని మంజూరైంది. ఆ పనికి పోతనని అన్న తనే అడిగి బదిలీ చేయించుకున్నడు. పిల్లను ఒళ్లె పెట్టుకొని, సామాను బండ్లకెత్తి మేం ఎల్లారెడ్డి చేరినం. ఊరి చివర కిరాయి ఇల్లు. వాకిట్ల నిలబడితే వరి పొలాలు కానొచ్చేటియి, ఆ అవుతల అడివి. నాకు ఆ ఊరు నచ్చింది. అక్కడ ఎవరికి వదినె తెలువది. ఎవరూ నన్ను ఆపి, పాపం ఎట్ల పోయింది తల్లీ అని అడుగలే.

పిల్ల అక్కడనే నడక నేర్చింది. నన్ను అవ్వా అని పిలిచేది. అత్తా అనాలె బిడ్డా అని దిద్దేదాన్ని. అవ్వా అనేది మళ్ల. కొన్నాళ్లు దిద్దిన, తర్వాత ఇడిసిన. దాని పేరు ఇక్కడ రాయను. ఇప్పటికి సుత ఆ పేరు ఇంకెవరినన్న పిలిస్తే నా తల అటే తిరుగుతది.

దవాఖానకు పునాది తియ్యక ముందు, నేల చదును చేసి సున్నంతోని ముగ్గు పోసిండ్రు. ఎక్కడ గోడ, ఎక్కడ అర్ర, ఎక్కడ నడవ అన్నీ తెల్లగీతలే. ఆ పొద్దు అన్న ఇంటికి వచ్చి నన్ను రమ్మన్నడు. మంచం సుత తెప్పించిండు. ఎందుకన్నా అంటే, ఒకపారి పండుకోవాలె, మోసి చూస్తం అన్నడు. కూలోళ్లు, మేస్త్రీలు, తొవ్వన పోయేటోళ్లు అందరు చూస్తున్నరు. నడీడు రాని విధవరాలు నలుగురి నడుమ మంచం మీద పండుకుంటదా. నేను రానన్న. ఇసుక బస్తా పెట్టి మోయండ్రి అన్న.

"బస్తాకు నొప్పి తెలువదు, చెల్లె" అన్నడు. "గడ్డ తగిలితే, ఒంగితే, కుదిపితే నువ్వు చెప్తవు. నాకు అది కావాలె."

ఆయన ఆమె పేరు ఎత్తలే. నేను కొంగు నిండ కప్పుకొని పండుకున్న. నలుగురు లేపిండ్రు. గోడలు లేవు, కప్పు లేదు. నేను ఆకాశం చూసుకుంట పోయిన. అన్న పక్కన నడుస్తున్నడు, నేను ఆ దినం నడిచినట్లే మంచం పట్టె పట్టుకొని. మూల కాడికి పోయినంక ఆగుమన్నడు. ఎదురుంగ ఖాళీ మంచం ఒకటి మోయించుకొని రమ్మని చెప్పిండు. వాళ్లు మా పక్కనుంచి పోయిండ్రు. తగులలే. మూల తిరిగేటప్పుడు ఎనుకటోని కాలు సున్నం గీత మీద పడ్డది. అన్న గీత చెరిపి, ఇంకింత ఎడంగ గీసి, మళ్ల మొదటి నుంచి మోయమన్నడు. రెండో మాటు ఎవరి కాలు సుత గీత తొక్కలే. నన్ను దించినంక, ఏమన్న కుదుపు తెలిసిందా అని అడిగిండు. తెలువలేదన్న. నిజంగనే తెలువలే. ఆయన అటు తిరిగి, మేస్త్రీలతోని మాట్లాడుకుంట చాలసేపు అటే నిలబడ్డడు. నేను ఒక్కదాన్నే ఇంటికొచ్చి, తలుపేసుకొని, కుండ నీళ్లు నెత్తిన పోసుకున్న.

గోడలు సగం లేసినంక దూరదేశాల లడాయి అన్నరు. ఇనుము దొరకలే. గర్డర్లు రైల్ల కామారెడ్డిదాక రావాలె, ఆడికెల్లి బండ్ల మీద రావాలె, ఏ ముక్కకూ నమ్మకం లేదు. పైనుంచి పెద్దసాబు తనిఖీకి వచ్చిండు. చెడ్డ మనిషి కాదు. నడవ ఇంత ఎడం ఎందుకు, కొంత తగ్గిస్తే ఇనుము కలిసొస్తది, ఇంకో అర్ర పడ్తది, నలుగురు రోగులు ఎక్కువ పడుకుంటరు గదా అని అడిగిండు. ఆ మాటల తప్పేం లేదు. అన్న కాయిదా చూపించిండు. లడాయి దినాలల్ల కాయిదాలు కొంత సడలించుకోవచ్చు అన్నడు సాబు. అప్పుడు అన్న, ముంగటి పోర్చి తీసేద్దామన్నడు. మోటరు వచ్చి ఆగెటందుకు, చూపుకు పెద్దగ ఉండెటందుకు గీసిన పోర్చి అది. ఊరి పెద్దమనిషికి దాని మీద మనసు. ఆ ఇనుమంత నడవ మీదికి మళ్లించుదామని అన్న చెప్పిండు. సాబు ఆలోచన చేసుకొని, సరే గని మొకం బోసిగ ఉంటదన్నడు. ఉండనియ్యండ్రి అన్నడు అన్న. పోర్చి పోయింది. ఊరి పెద్దమనిషి అన్నతోని మాట్లాడుడు బంద్ చేసిండు.

దవాఖాన తెరిచిండ్రు. నడవ రెండు చివరలకు రెండు పెద్ద కిటికీలు. షాబాదు బండలు, కాలు జారకుండ గరుకుగ కొట్టించినవి. పొద్దుగాల ఒక దిక్కు నుంచి, మాపటీలి ఇంకో దిక్కు నుంచి ఎండ ఆ పొడుగంత పరుసుకునేది. కాన్పుకొచ్చిన ఆడోళ్లు మంచాల మీద వచ్చేటోళ్లు, బిడ్డతోని నడిచి పోయేటోళ్లు. పెద్దకొడప్‌గల్ నుంచి సుత బండ్లు కట్టుకొని వచ్చేటోళ్లు. ఆ నడవను ఎవరూ చూసేటోళ్లు కాదు. చూసెటందుకు అందుల ఏముంది, తొవ్వ. అన్న మాత్రం పని అయిపోయినా రోజూ ఒకపారి పోయొచ్చేటోడు. ఎవరన్న చెంబు పెడితే తీసి పక్కకు పెట్టేటోడు, మూట పెడితే అర్ర లోపల పెట్టుకొమ్మని బతిలాడేటోడు. ఓవర్సీర్ సాబుకు ఆ నడవ పిచ్చి అని కాంపౌండరు నవ్వేటోడు.

ఆ నడుమ అవ్వకు కండ్లు మసకలైతే కామారెడ్డి తీస్కపోయిన. ఆ పాత డాక్టరు సాబు ఇంకా ఉన్నడు, గడ్డం తెల్లబడ్డది. అవ్వకు మందు పోసినంక నేను నిలబడి అడిగిన. ఆ దినం మంచం ఇరుక్కోకపోతే మా వదినె బతికేదా అని. ఆయన నన్ను కూసొమ్మన్నడు. "తెలువది బిడ్డా" అన్నడు. "అప్పటికే ఆమెల బలం లేదు. బతికేదో ఏమో. ఆ దినం నేను ఆ మాట మీ అన్నతోని అనకుండ ఉండేది ఉండె." ఎల్లారెడ్డి నడవ గురించి ఇన్నడట, ఒకపారి వచ్చి చూస్తనన్నడు. రాలే.

అన్నకు ఈ సంగతి చెప్పబుద్ధి కాలే. ఆయనకు ఆ సందు ఉండాలె. ఆ సందు వల్లనే ఆమె పోయిందని నమ్ముకొని, దాని మీద కోపంతోని బతుకుతున్నడు.

పిల్ల పెద్దగైతున్నకొద్ది తండ్రి ఎనుక తిరిగేది. ఆయన సైకిలు చప్పుడు ఇనపడితే ఉరికి పోయి గేటు తీసేది. మొదలు ఆయన గేటు తీసినందుకు తల ఊపి లోపలికొచ్చేటోడు. తర్వాత సైకిలు హేండిలు ముట్టనిచ్చిండు. తర్వాత ఒక దినం, నేను తంగేడు పూలు ఏరుతుంటె, ఆ పిల్లను ముంగటి కడ్డీ మీద కూసోబెట్టుకొని మెల్లగ తొక్కుకుంట వస్తున్నడు. పిల్ల గంట కొడుతున్నది. ఆయన నవ్వుతున్నడు. నన్ను చూసి ఆయనకు సిగ్గైంది. నేను చూడనట్లు పూలే ఏరిన. వదినె పోయినంక ఆయన పండ్లు కనపడంగ నవ్వుడు అదే మొదలు.

ఆ వానకాలమే పిల్లకు జెరమొచ్చింది. మొదలు ఉత్త జెరమే అనుకున్నం. తెల్లారి పొద్దెక్కినంక మెడ బిగుసుకపోయింది, కండ్లు పైకి పోయినయి, పెయ్యంత కొట్టుకున్నది. అన్న ఇంట్లనే ఉన్నడు. మంచం సుత వద్దన్నడు, చేతుల మీద ఎత్తుకొని ఉరికిండు. నేను ఎనుక ఉరికిన. దవాఖాన ముంగట పోర్చి లేదు గద, నేరుగ లోపలికి పోయినం. నడవ ఖాళీగున్నది. కడిగిన బండలు తడి ఆరి ఉన్నయి. ఎక్కడ గడప లేదు, ఎక్కడ మూట లేదు, ఏ తలుపూ బయటికి తెరిచి లేదు. అన్న మూల తిరిగిండు. ఆయన అడుగు ఒక్కటి సుత ఆగలే. ఎల్లారెడ్డి డాక్టరు పడుసాయన, ఎదురొచ్చి పిల్లను అందుకున్నడు. సూది మందు అప్పటికప్పుడే ఇచ్చిండ్రు. మెదడు జెరం అన్నరు. చెయ్యాల్సినవన్నీ చేసిండ్రు, నేను కండ్లార చూసిన. పిల్ల నడుమల ఒకపారి కండ్లు తెరిచి నా దిక్కు చూసింది. అవ్వా అన్నదో, ఉత్తగ ఊపిరి వదిలిందో నాకు ఇప్పటికీ తెలువది.

మాపటీలి ఎండ నడవల పరుసుకునే యాళ్లకు అంత అయిపోయింది.

అన్ననే దాన్ని ఎత్తుకున్నడు. దుప్పటి చుట్టి, తల భుజం మీద ఆనించుకొని, నిద్రపోయిన పిల్లను తీస్కపోయినట్లు నడిచిండు. మూల కాడ ఎదురుంగ ఒక మంచం వచ్చింది. నొప్పులు పడుతున్న ఆడామె. మోసేటోళ్లు తొందరగ వస్తున్నరు. మేం గోడ దిక్కు జరిగినం. వాళ్లు ఆగకుండ పక్కనుంచి పోయిండ్రు. వాళ్లకు మా చేతుల ఏముందో కానరాలే. అన్న ఆ మంచం కాన్పుల అర్రల పోయేదాక చూసిండు.

ఇంటికొచ్చినంక, ఊరోళ్లు వచ్చి పోయినంక, మట్టి చేసి వచ్చినంక, ఆయన వాకిట్ల గోడకు ఆనుకొని కూసున్నడు. నేను గ్లాసుల నీళ్లు పట్టుకపోయి పక్కన పెట్టిన. తాగలే.

"తొవ్వ మంచిగనే ఉండె గద, చెల్లె" అన్నడు.

"మంచిగనే ఉండె, అన్నా."

"ఎక్కడ ఆగలే గద."

"ఎక్కడ ఆగలే."

"మరి" అన్నడు. 

 డాక్టరు సాబు నాతోని అన్న మాట అప్పుడు చెప్దామనుకున్న. నోట్లెకొచ్చింది. ఆయన మొకం చూసి మింగిన. ఆ సందు మీద కోపం సుత ఆ పొద్దు ఆయన చేతుల నుంచి జారిపోయిందని నాకు చెప్పకుండనే తెలిసింది. ఇగ ఆయనకు కోపం చేసెటందుకు ఏం మిగలలే.

ఆయన కొలువుకు పోవుడు ఆపలే. నడవ చూడపోవుడు మాత్రం ఆపిండు. దవాఖాన దిక్కు తొవ్వ ఇడిసి, చుట్టు తిరిగి కచ్చేరికి పోయేటోడు. అవ్వ వచ్చి మళ్ల పెండ్లి మాట ఎత్తితే, చేతులు జోడించి లేచి పోయిండు. అవ్వ ఇంక ఎత్తలే. మేం ఇద్దరం ఒక ఇంట్ల, ఒకరికొకరం రొట్టె వడ్డించుకుంట ఉన్నం. మాట్లాడేది తక్కువ. వానలు పడ్డయా, కుండల నీళ్లున్నయా, గంతే.

పిల్ల బట్టలు నేను చానా నెలలు సందుగల్నే ఉంచిన. ఎండకాలం ఒక దినం తీసి ఎండకేసిన. ఎండకేసినంక మళ్ల మడత పెట్టి లోపల పెట్టబుద్ధి కాలే. దవాఖాన ఊడ్చేటామెకు ఒక బిడ్డ ఉండేది, అంతే ఈడు. పరికిణీలు, రవికెలు అన్నీ ఆమెకిచ్చిన. అన్నకు చెప్పలే, ఎట్ల చెప్పాల్నో తెలువలే.

తర్వాత ఒక పొద్దు నేను బజారు నుంచి వస్తున్న. అన్న సైకిలు మీద ఎదురొస్తున్నడు. తొవ్వ పక్కన ఆ ఊడ్చేటామె బిడ్డ, మా పిల్ల ఆకుపచ్చ పరికిణి కట్టుకొని, చేతుల చింతకాయ పట్టుకొని నడుస్తున్నది. పరికిణి కొంచెం పొట్టిగైంది. అన్నను చూసి ఆ పిల్ల చింతకాయ ఎనుక దాచుకొని, చెయ్యెత్తి సలాం చేసింది. ఆయన సైకిలు దిగిండు. ఆ పిల్లకు తొవ్వ ఇచ్చి పక్కకు నిలబడ్డడు. అది మలుపు తిరిగి కనపడకుండ పోయేదాక అట్లనే నిలబడ్డడు. తర్వాత సైకిలు ఎక్కకుండ, పక్కన నడిపించుకుంట ఇంటిదాక వచ్చిండు. నేను ఎనుకనే వచ్చిన. ఆ మాపు ఆయన ముంగట పళ్లెం పెడితే, చేతులు కడుక్కొని కూసున్నడు గని, రొట్టె తుంచలే.